మాస్కో స్పార్టక్: ఒక ఫుట్‌బాల్ జట్టు చరిత్ర

మాస్కో నగరమునకు పడమటి దిక్కున ప్రెస్న్యా అను పేట యొకటి కలదు. 1905వ సంవత్సరపు తిరుగుబాటులో కార్మికులు వీధులకు అడ్డుకట్టలు వేసి జారు చక్రవర్తి సేనలతో పోరాడినది ఆ పేటలోనే. 1922లో అచ్చటి యువకులు కొందరు చేరి ఒక క్రీడాసంఘమును నెలకొల్పిరి. తరువాత లోకమెల్ల స్పార్టక్ అని పిలిచిన జట్టునకు అదియే మొదలు. ఆ జట్టు గెలిచిన కప్పుల పట్టికను చదివి వినిపించుట నా యుద్దేశము కాదు. ఆ జట్టును పెంచిన నలుగురు అన్నదమ్ముల కథ యొకటి కలదు. దానినే ముఖ్యముగా మనవి చేయదలచితిని.

నికొలాయ్, అలెగ్జాండర్, ఆంద్రేయ్, ప్యోత్ర్ అనువారు స్టారోస్టిన్ సోదరులు. వారి తండ్రి వేటకు వచ్చు శ్రీమంతులకు అడవిలో దారి చూపుచు జీవించెడివాడు. 1920లో ఆయన టైఫస్ జ్వరమున మరణింపగా సంసారభారము జ్యేష్ఠుడైన నికొలాయ్‌పై పడెను. ఆతడు వేసవిలో ఫుట్‌బాల్, శీతకాలమున మంచుగడ్డపై హాకీ ఆడి, ఆ రాబడితో ఇల్లు నడపెను. కాలక్రమమున సోదరులు నలుగురును ఆ జట్టుననే ఆడిరి.

ఆ దినములలో సోవియట్ దేశమున ప్రతి జట్టునకును ఏదో యొక ప్రభుత్వశాఖయో, కర్మాగారమో అండగా నుండెడిది. డైనమో జట్టు రహస్య పోలీసు శాఖది. సైన్యమునకు వేరొక జట్టు, రైల్వేవారికి వేరొకటి. ప్రెస్న్యా కుర్రవాండ్రు మొదట ఆహారపరిశ్రమ కార్మికుల సంఘము నాశ్రయించి, పిదప చేతిపనివారి సహకార సంఘముల నీడను చేరిరి. 1935లో కమ్యూనిస్టు యువజన సంఘనాయకుడగు కొసరేవ్ ప్రోత్సాహమున జట్టునకు స్పార్టక్ అను పేరు వచ్చెను. రోముపై తిరుగబడిన బానిసవీరుని పేరది. తుపాకియు, అధికారమును లేనివారి జట్టగుటచే సామాన్యజనులు దీనిని తమదిగా భావించి ‘ప్రజల జట్టు’ అని పిలువసాగిరి. పోలీసు జట్టు ఓడినప్పుడు బహిరంగముగా కేకలు వేసి సంతోషించుటకు ఆ కాలమున మరియొక తావు లేదని తలచినవారును కలరు.

1936లో ఒక వింత జరిగెను. వ్యాయామోత్సవ సందర్భమున స్టాలిన్ చూచుటకై ఎఱ్ఱమైదానమునందే ఫుట్‌బాల్ ఆడవలెనని కొసరేవ్ సంకల్పించెను. రాతిపలకలపై పడినచో ఆటగాండ్ర ఎముకలు మిగులవు. అందుచే స్పార్టక్‌వారు రాత్రులు శ్రమించి బ్రహ్మాండమైన ఒక తివాచీని కుట్టి, చుట్టలు చుట్టి, మైదానమున పఱచిరి. నాయకునికి విసుగు పుట్టినచో కొసరేవ్ తెల్లని చేతిరుమాలు ఊపవలెను. ఆట తక్షణమే ఆగవలెను. రుమాలు ఊపవలసిన పని పడలేదు. అరగంట యనుకొన్న ఆట నలువదిమూడు నిమిషములు సాగెను. ఆ యేటి శరత్కాలపు పోటీలలో స్పార్టక్ మొదటిసారి దేశవిజేత యయ్యెను. 1938, 1939లలో లీగును, కప్పును రెండింటిని గెలిచెను.

ఈ విజయములే వారికి ముప్పు తెచ్చినవి. 1938 చివర రహస్య పోలీసు శాఖకు లవ్రెంతీ బెరియా అధిపతి యయ్యెను. ఆతడు జార్జియావాడు, యౌవనమున తానును ఫుట్‌బాల్ ఆడినవాడు, డైనమో జట్లకు పోషకుడు. కొసరేవ్ ఆ నవంబరులోనే ఖైదై మరుసటి యేట కాల్చివేయబడెను. 1939 సెప్టెంబరులో కప్పు పోటీల సెమీఫైనలున స్పార్టక్ త్బిలిసీ డైనమోను ఒక గోలుతో ఓడించెను. ఆ గోలుపై ఫిర్యాదు వచ్చినది. ఇంతలో ఫైనలు కూడ జరిగి స్పార్టక్ లెనిన్‌గ్రాడు జట్టుపై గెలిచి కప్పు నందుకొనెను. ఆ పిమ్మట సెమీఫైనలును మరల ఆడవలెనని పైనుండి ఉత్తరువు వచ్చెను! ఫైనలు ముగిసిన తరువాత సెమీఫైనలు ఆడుట ఎచ్చటనైన విన్నామా? ఆడక తప్పలేదు. స్పార్టక్ 3–2 గోళ్లతో మరల గెలిచెను. బెరియా కుర్చీని తన్ని వెడలిపోయెనని నికొలాయ్ తన జ్ఞాపకములలో వ్రాసెను.

1942 మార్చిలో ఒక రాత్రి పోలీసులు నికొలాయ్ ఇంటికి వచ్చిరి. తక్కిన సోదరులును పట్టువడిరి. స్టాలిన్‌ను చంపుటకు కుట్ర పన్నిరని తొలుత మోపిన నేరము. లుబ్యాంకా చెరసాలలో సుమారు రెండేండ్లు విచారించినను అది నిలువలేదు. కడకు బూర్జువా దేశముల క్రీడలను పొగడిరని, ఇంకను ఇట్టివే కొన్ని నేరములు చెప్పి పదేండ్ల నిర్బంధశిక్ష విధించిరి. ఆ కాలమున అది స్వల్పశిక్షయే.

ఇచ్చటనే ఆశ్చర్యము. ఉత్తరమున ఉఖ్తా శిబిరమునందును, తూర్పుకొనను ఆమూరు నదీప్రాంతపు శిబిరములందును అధికారులకు ఫుట్‌బాల్ పిచ్చి యుండెను. వేలకొలది ఖైదీలు ఆకలితో, చలితో మరణించుచుండగా, నికొలాయ్‌ను మాత్రము వారు తమ జట్లకు శిక్షకునిగా నియమించిరి. కఠినులైన ఆ యధికారులు ఫుట్‌బాల్ మాట వచ్చినంతనే మెత్తబడెడివారని ఆయన వ్రాసెను. ఆట ఆయన ప్రాణము నిలిపినది. ఆ ఆట రాని తోడి ఖైదీని నిలుపునది ఏదియు లేదు. ఈ సంగతి మరచి ఈ కథను వీరగాథగా చెప్పుట నాకు సమ్మతము కాదు.

1948లో స్టాలిన్ కుమారుడు, వైమానిక సేనాని వసీలీ తన జట్టునకు శిక్షకుడు కావలెనని నికొలాయ్‌ను మాస్కోకు రప్పించెను. బెరియా మనుష్యులు వెంటపడగా వసీలీ ఆయనను తన యింటనే, తన ప్రక్కనే పరుండబెట్టుకొని, తలగడ క్రింద రివాల్వరు ఉంచుకొని నిద్రించెనట! కొంతకాలమునకు ఆ రక్షణయు చాలక నికొలాయ్ కజక్‌స్తానుకు పోవలసివచ్చెను. 1953లో స్టాలిన్ మరణించెను. ఆ యేడే బెరియాయు మరణదండన పొందెను. అటుపై సోదరులు నిర్దోషులుగా ప్రకటింపబడిరి. 1955లో నికొలాయ్ స్పార్టక్ సారథ్యమును మరల స్వీకరించెను. నడుమ కొద్దికాలము తప్ప 1996లో తాను మరణించునంతవరకు ఆ జట్టుతోనే యుండెను.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సున స్వర్ణపతకము గెలిచిన సోవియట్ జట్టులో అధికసంఖ్యాకులు స్పార్టక్‌వారే. నాయకుడు ఇగోర్ నెట్టో, ఫైనలులో ఏకైక గోలు వేసిన ఇల్యీన్ స్పార్టక్ ఆటగాండ్రు. ఆనాడు వారి చేత ఓడిన యుగోస్లావియాయే సెమీఫైనలున మన భారత జట్టును ఓడించినది. హైదరాబాదువాడైన రహీమ్ సాహెబు శిక్షణలో మనవారు నాల్గవ స్థానము పొందిరి.

1976లో స్పార్టక్ మొదటి శ్రేణినుండి దిగజారెను. పూర్వము డైనమోకు ఆడిన కొన్‌స్తాంతిన్ బెస్కోవ్‌ను శిక్షకునిగా పిలిచిరి. ఆయన రెండవ శ్రేణినుండి జట్టును లేవదీసి 1979లో దేశవిజేతను గావించెను.

1982 అక్టోబరు 20వ తేదీని మాత్రము తడవక పోరాదు. ఆ సాయంకాలము మాస్కోలో మంచు పడి చలి తీవ్రముగా నుండెను. లుజ్నికీ మైదానమున హాలెండు దేశపు హార్లెమ్ జట్టుతో ఆట. చివరి నిమిషములలో జనము మెట్లపై దిగుచుండగా, ఇఱుకైన ఒక దారిలో కొందరు జారిపడిరి. వెనుకవారు వారిపై పడిరి. సరిగ్గా ఆ సమీపముననే ష్వెత్సోవ్ స్పార్టక్‌కు రెండవ గోలు వేసెను. ప్రభుత్వ లెక్క ప్రకారము 66 మంది మరణించిరి. వారిలో పలువురు పిన్నవయస్కులు. మరునాడు మాస్కో సాయంకాలపత్రికలో కొద్ది పంక్తుల వార్త తప్ప ఏమియు రాలేదు. 1989 వరకు ఆ దేశప్రజలకు నిజము తెలియలేదు. ఆ గోలు వేయకుండినచో బాగుండెడిదని ష్వెత్సోవ్ పిదప వాపోయెను.

సోవియట్ కాలమున స్పార్టక్ పండ్రెండుసార్లు దేశవిజేత యయ్యెను. రష్యా ఏర్పడిన పిదప 1992 నుండి 2001 వరకు పది పోటీలలో తొమ్మిది గెలిచి, ఆపైన పదునారేండ్లు ఎదురుచూచి, 2017లో మరల గెలిచెను. జట్టు ధనవంతుల చేతికి పోయి, 2022లో ఒక చమురుకంపెనీ సొత్తయినది. ఆ యేటనే, రష్యా ఉక్రెయినుపై యుద్ధమునకు దిగగా, ఐరోపా పోటీలనుండి వెలివేయబడెను. దశాబ్దములపాటు పరుల మైదానములందు ఆడిన జట్టునకు 2014లో మాస్కోలోని తూషినోలో సొంత క్రీడాప్రాంగణము ఏర్పడెను. దాని వెలుపల గ్లాడియేటరు స్పార్టకస్ విగ్రహము నిలిచియున్నది. లోపల, ఆట కనబడుచోట, స్టారోస్టిన్ సోదరులు నలుగురును కంచువిగ్రహములై ఉన్నారు.