చదువుతూ ఫోన్ చూస్తే ఏమవుతుంది?

"అన్నా, నేను చదువుకుంటూనే వాట్సాప్ చూస్తా, మధ్యలో రీల్స్ కూడా చూస్తా, నాకేం ఇబ్బంది లేదు" అని చాలామంది తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అంటుంటారు. దీన్నే మల్టీటాస్కింగ్ అని గొప్పగా చెప్పుకుంటాం. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

చదవడం, మెసేజ్ రాయడం లాంటి ఆలోచన కావాల్సిన రెండు పనుల్ని మన మెదడు ఒకేసారి చేయలేదు. ఒకదాని నుంచి ఇంకోదానికి దూకుతుంది, అంతే. దూకిన ప్రతిసారీ కొంత టైమ్ పోతుంది, తప్పులు పెరుగుతాయి. పని మారినా మనసులో కొంత భాగం పాత పనిలోనే ఉండిపోతుందని 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు చూపించారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు పరీక్షిస్తే, ఒకేసారి ఎక్కువ మీడియా వాడేవాళ్ళే పనులు మార్చుకోవడంలో వెనకబడ్డారు. "రోజూ చేస్తున్నా, నాకు అలవాటే" అనే ధీమాకు ఇది జవాబు.

"మరి మా ఎమ్మిగనూరు నేతన్న సంగతేంటి?" అని అడగొచ్చు. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు కదా! గుంట మగ్గంలో కూర్చున్న మనిషి కాళ్ళతో తొక్కుతాడు, ఒక చేత్తో నాడె ఆడిస్తాడు, ఇంకో చేత్తో పేకను దగ్గరికి కొడతాడు. కన్ను పడుగు మీదే. చూడ్డానికి నాలుగు పనులు, కానీ నాలుగూ కలిసి ఒకే బట్ట. పోగు తెగితే మగ్గం ఆపి, ముడేసి, అప్పుడే ముందుకెళ్తాడు.

అష్టావధానం చూడండి. చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులున్నా అవధాని ఒక్కొక్కరికే జవాబు చెప్తారు. అవధానం అంటేనే ఏకాగ్రత. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పనే ఆ ధ్యాస చెదరగొట్టడం. అవధాని ఏళ్ళ తరబడి సాధన చేసి ఆయన్ని ఎదుర్కొంటారు. మనం ఏ సాధనా లేకుండా ఆయన్ని ఫోన్ రూపంలో రోజంతా పక్కన పెట్టుకుంటున్నాం.

ఇది మనకెందుకంటే, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఎందరో అమ్మానాన్నలు మిరప కోతల కాలంలో గుంటూరు వైపు సుగ్గికి పోతారు. పిల్లలు అవ్వ దగ్గరుండి చదువుకుంటారు. అమ్మ గొంతు వినేది ఆ ఫోన్‌లోనే. అందుకే ఫోన్ పారేయమని నేను అనను. కానీ అక్కడ వాళ్ళు ఎండలో పడే కష్టమంతా ఇక్కడ మీ చదువు కోసమే. ఆ చదువుకు రోజూ కొంత టైమైనా పూర్తిగా ఇవ్వాలి కదా?

ఈ రాత్రి ఒక్క 25 నిమిషాలు చేసి చూడండి. ఫోన్ అవ్వ చేతికివ్వండి, అమ్మ చేస్తే అవ్వే పిలుస్తుంది. ఒకే సబ్జెక్ట్ తీయండి. మధ్యలో లేవాల్సి వస్తే, ఎక్కడ ఆపారో, తర్వాత ఏం చేయాలో ఒక ముక్క రాసి లేవండి. తిరిగొచ్చాక వెతుక్కునే పని ఉండదు. అలవాటయ్యాక నిమిషాలు మీరే పెంచుకుంటారు.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.