ప్రతిపక్షం అడగని ప్రశ్న



2003 వేసవిలో ప్రతిపక్ష నాయకుడిగా వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు. కరువు, కరెంటు చార్జీలు, సాగునీటి ప్రాజెక్టులు, రైతుల ఆత్మహత్యల మీద ప్రభుత్వాన్ని నిలదీశారు. 2004లో ముఖ్యమంత్రి కాగానే ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం చేశారు. అవి అడగాల్సిన ప్రశ్నలే. కానీ పంపుసెట్టు కనెక్షన్ ఎవరి పేరున ఉంది? పట్టా ఎవరిది? నాట్లు వేసి, కలుపు తీసి, కోత కోసే స్త్రీ పేరున పట్టా లేకపోతే ఆమె కూలీయే తప్ప రైతు కాదు. 2018లో తెలంగాణలో వచ్చిన రైతుబంధు కూడా పట్టాదారులకే అందింది, కౌలుకు చేసే స్త్రీకి అందలేదు. భర్త ఆత్మహత్య చేసుకుంటే అప్పు మాత్రం ఆమె నెత్తినే పడుతుంది. అందుకే, ప్రతిపక్షంలో ఏ పార్టీ ఉన్నా, వాళ్లు మన ఊరికొచ్చినప్పుడు మనం అడగాల్సింది ఒకటే: మీరు రైతు అంటున్నారే, అందులో మేమున్నామా?