లెక్క చూపమన్న ముల్లా అబ్దుల్ ఖయ్యూం

(నెక్కొండలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



బ్రిటిష్ పాలన అనగానే మనవారిలో చాలామంది "అది కోస్తా జిల్లాల సంగతి, మనది నిజాం రాజ్యం గదా" అంటారు. పటం మీద అది నిజమే. కాని 1853లో సైన్యం ఖర్చుల బాకీ పేరిట బేరారును తమ అధీనంలోకి తీసుకున్నది ఎవరు? హైదరాబాదు కోఠీలో కూర్చొని రాజ్య వ్యవహారాలలో చక్రం తిప్పిన రెసిడెంటు ఎవరి మనిషి? 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దాడి చేసింది ఆ రెసిడెన్సీ మీదనే. వారి గాథ మీలో పలువురికి తెలుసు. ఈనాడు నేను చెప్పదలచినది ఆయుధం పట్టని ఎదిరింపు గురించి. దాని ఆనవాలు మన నెక్కొండ మీదుగా పోయే రైలుపట్టాలలోనే ఉన్నది.

1883లో సాలార్‌జంగ్ మరణించారు. నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంకా మైనరు. ఆ సమయంలోనే రైలుమార్గాన్ని వరంగల్ మీదుగా బెజవాడకు, మరోవైపు చాందాకు పొడిగించే పథకం సాగింది. దానికై లండనులో ఒక కంపెనీ ఏర్పడింది. పేరులోనే 'గ్యారంటీడ్' అని ఉన్నది. గ్యారంటీ ఎవరికి? ప్రయాణికునికి కాదు, వాటాదారునికి. పెట్టుబడిపై నూటికి 5 చొప్పున 20 ఏండ్ల పాటు రాబడికి హామీ. రైలు సంపాదన చాలకుంటే లోటును నిజాం ఖజానా పూడ్చాలి. ఖజానా నిండేది రైతు కట్టిన శిస్తుతో. నష్టం ఇక్కడ, లాభం అక్కడ! వలస పాలన అంటే ఏమిటని పిల్లలు అడిగితే నేను ఈ ఒక్క ఒప్పందాన్నే చెబుతాను.

హైదరాబాదులో కొందరు దీన్ని ప్రశ్నించారు. వారిలో ముఖ్యులు ఇద్దరు. ఒకరు సరోజినీ నాయుడు తండ్రి, విద్యావేత్త అఘోరనాథ్ చటోపాధ్యాయ. రెండవవారు ముల్లా అబ్దుల్ ఖయ్యూం. వారు కోరినది పెద్ద కోరిక కాదు. పథకం వివరాలు ప్రజల ముందు పెట్టండి, చర్చ జరిగాక నిర్ణయించండి అన్నారు, అంతే. 1883 మే నెలలో అఘోరనాథ్‌ను రాజ్యం నుండి బహిష్కరించారు. పథకం ఆగలేదు. 1889లో రైలు బెజవాడ చేరింది. ఆ రైల్వేను నిజాం ప్రభుత్వం కొనుక్కునేసరికి 1930 వచ్చింది.

ముల్లాగారు వెనుదీయలేదు. కాంగ్రెస్‌కు ముస్లింలు దూరంగా ఉండాలని సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ వంటి మహనీయుడు చెబుతున్న కాలంలో ఆయన బాహాటంగా కాంగ్రెస్‌ను సమర్థించారు. మన పాఠ్యపుస్తకాలలో ఈ పేరు ఎంతమంది చూశారు? "మీవాళ్లు ఏం చేశారు" అని మన పిల్లలను నిలదీసేవారు ముందు దీనికి జవాబు చెప్పాలి.

అయితే మనవారందరినీ ఒకే గాటన కట్టి పొగడను. లండనులో ఆ రైలు బేరం నడిపిన అధికారి అబ్దుల్ హఖ్ కూడా ముస్లిమే. తరువాత గనుల కంపెనీ వ్యవహారంలో ఆయన చేసుకున్న సొంత లాభం 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ దాకా పోయింది.

ఇక మన సంగతి. వక్ఫు భూమి ఏ సర్వే నంబరులో ఉన్నదో, మైనారిటీ సంక్షేమానికి మంజూరైన సొమ్ము ఎంత ఖర్చయిందో అడగడానికి మనవారు జంకుతున్నారు. అడిగితే ఏమనుకుంటారో అని భయం. ముల్లాగారి కాలంలో చట్టం తోడు లేదు. మనకు 2005 సమాచార హక్కు చట్టం ఉన్నది, 30 రోజులలో జవాబు ఇవ్వాలి. జీవితమంతా దస్త్రాల మధ్య గడిపినవాణ్ణి, దరఖాస్తు ఎలా రాయాలో నాకు తెలుసు. సభ ముగిశాక ఇక్కడే కూర్చుంటాను. కాగితం, కలం తెచ్చాను.