బాణం గుర్తుకు అటూ ఇటూ
(ఆలేరులో జరిగిన విజ్ఞానశాస్త్ర బోధన సదస్సులో అధ్యక్షోపన్యాసం)

అధ్యక్షుడు చివర్లో మాట్లాడటం మన సభల సంప్రదాయం. అప్పటికి భోజనాల వేళ దాటిపోవడం కూడా సంప్రదాయమే. అందుకని ఒక్క విషయమే చెబుతాను.

రసాయన సమీకరణాన్ని మనం లెక్కల పాఠంలా చెబుతున్నాం. అటు రెండు ఆక్సిజన్లు, ఇటు ఒకటి. ముందు 2 పెట్టు, సరిపోయింది. పిల్లవాడికి మార్కు పడుతుంది. కానీ బాణానికి ఎడమ పక్కనున్నది రాయో, నీరో, వాయువో వాడికి తెలియదు.

పదో తరగతి పిల్లలకు పొడిసున్నం కృత్యం ఉంది. దాన్ని చాలాచోట్ల చదివించి ముగిస్తున్నారు. చేసి చూపించండి. సున్నపు గడ్డ మీద నీళ్లు చల్లితే మొదట ఏమీ కాదు. కాసేపటికి బుస్సుమంటుంది, గడ్డ పగుళ్లిస్తుంది, ఆవిరి లేస్తుంది, చివరికి తెల్లగా పొడై రాలుతుంది. బీకరు అడుగు చేత్తో పట్టుకోలేం. (చిన్న గడ్డ చాలు. కళ్లద్దాలు తప్పనిసరి, కంట్లో సున్నం పడితే చూపే పోవచ్చు.) అప్పుడు బోర్డు మీద ముందుగా మాటల్లోనే రాయండి: కాల్షియం ఆక్సైడ్, నీరు కలిసి కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతాయి, వేడి వెలువడుతుంది. సంకేతాలు ఆ తర్వాత. నీళ్లు పోస్తే తడిగా ఉండాలి కదా, పొడిగా ఎందుకుంది సార్ అని ఒక్క పిల్లయినా అడుగుతుంది. ఆ ప్రశ్న వచ్చాకే అంకెలు: 56 గ్రాముల సున్నం 18 గ్రాముల నీటిని తనలో కలిపేసుకుని 74 గ్రాములైంది. ఆవిరైంది పోగా, మిగతా నీళ్లు సున్నంలోనే ఉన్నాయని తూకం చెబుతుంది.

ఇక మన పేరు మీదే ఒక రసాయన పద్ధతి ఉంది. 2016లో ఆలేరు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చింది గానీ, అంతకుముందు మనం నల్లగొండ వాళ్లమే. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించిన పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు. టాంజానియా, ఇథియోపియాల్లోనూ అదే పేరుతో వాడారు. ఫ్లోరోసిస్‌తో మన ఊళ్లలో వంగిపోయిన నడుములే ఆ పేరు తెచ్చాయి. గర్వపడాల్సిన సంగతేమీ కాదు.

బకెట్ నీళ్లలో కాస్త సున్నం, ఆపైన పటిక ద్రావణం వేసి, పది నిమిషాలు మెల్లగా కలిపి, గంటసేపు కదిలించకుండా ఉంచాలి. తెల్లటి తునకలు పుట్టి, ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి అడుక్కి దిగుతాయి. సమీకరణం సులువే: ఒక అల్యూమినియం సల్ఫేట్, మూడు కాల్షియం హైడ్రాక్సైడ్లు కలిస్తే రెండు అల్యూమినియం హైడ్రాక్సైడ్లు, మూడు కాల్షియం సల్ఫేట్లు. తుల్యమైంది. మరి ఫ్లోరైడ్ ఏదీ? మనం వదిలించుకోవాలనుకున్నదే అందులో లేదు! అది ఆ తునకలకు అంటుకుని వాటితోపాటు కిందికి పోతుంది. ఎంత అంటుకుంటుందన్నది ఒక వరుస సమీకరణంలో ఇమడదు.

ఇంకో చిక్కు. ఆ సమీకరణం ప్రకారం సున్నం పటికలో మూడో వంతు కావాలి. వాడుకలో వేసేది దాదాపు ఇరవయ్యో వంతే. ఎందుకంటే బావి నీళ్లలో సహజంగా ఉండే బైకార్బొనేట్లే చాలావరకు సున్నం పని చేసేస్తాయి. అంటే బకెట్లో మనం రాయని చర్య ఇంకొకటి జరుగుతోంది. సమీకరణం తప్పని కాదు. మనం అందులో ఏవి రాశామో వాటి లెక్కే అది చెబుతుంది. అడుగున మిగిలే ఫ్లోరైడ్ మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది మరో తలనొప్పి. ఈ పద్ధతికి ఉన్న లోపాల్లో అదొకటి.

ఇరవై సమీకరణాలు తుల్యం చేసిన విద్యార్థి కన్నా, ‘ఇందులో ఫ్లోరైడ్ ఏది సార్’ అని అడిగినవాడికే రసాయనశాస్త్రం ఎక్కువ వచ్చినట్టు అని నా అభిప్రాయం.

ప్రశ్నపత్రాలు తయారుచేసే మిత్రులు ఈ సభలో ఉన్నారు. వారికి నా మనవి ఒక్కటే. ‘తుల్యం చేయుము’ అన్న ప్రశ్నకు రెండు మార్కులుంటే, ఒక మార్కు ‘ఈ చర్య జరుగుతున్నప్పుడు కంటికి ఏం కనిపిస్తుంది?’ అన్నదానికి కేటాయించండి. ఆ మార్కు కోసమైనా బడుల్లో బీకర్లు బీరువాల్లోంచి బయటికి వస్తాయి.