కలివి కోడి పగలు ఎందుకు దొరకలేదు



మన కొత్తగూడ నుంచి ఎటు నడిచినా అడవి తగులుతుంది. గణపతిదేవుడి కాలంలో, 1213లో కట్టిన పాకాల చెరువు చుట్టూ ఉన్న అడవి 1952లో అభయారణ్యమైంది. అయినా సైన్సు చదివిన పిల్లలు పరిశోధన అనగానే హైదరాబాదు బస్సు వైపే చూస్తారు. హైదరాబాదు వెళ్లడం తప్పు కాదు. కానీ ప్రయోగశాలలో జవాబులు వెతికే పనిముట్లుంటాయి. ఏ ప్రశ్న వేయాలో చాలాసార్లు అడవి అంచున ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

దీనికి కలివి కోడి కథ సాక్ష్యం. జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1848లో ఈ పక్షిని శాస్త్ర లోకానికి పరిచయం చేశాడు. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక దాని జాడ లేదు. అంతరించిందనే చాలామంది అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలో అది మళ్లీ దొరికింది. పట్టింది స్థానిక పిట్టల వేటగాడు, అదీ రాత్రిపూట, టార్చి వెలుగులో. గుర్తించింది బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్. అంతకుముందు వెతికినవాళ్లు పగలు వెతికారు. పక్షేమో రాత్రి తిరిగేది. లోపం వాళ్ల శ్రద్ధలో లేదు, ప్రశ్నలో ఉంది. ఇంగ్లీషు పేరులో జెర్డన్ దొర ఉన్నాడు. తెలుగు పేరులో పక్షి తిరిగే కలివి పొద ఉంది.

ఊరివాళ్ల మాట నమ్మితే సైన్సు పుకార్ల సంత అవుతుందని మీలో కొందరికి అనిపించవచ్చు. అనుమానం న్యాయమైనదే. వేటగాడి మాట తనంతట తాను రుజువు కాలేదు. పక్షి చేతికి వచ్చాకే అయింది. అయితే ఆ గీటురాయి మ్యూజియం చీటీకీ వర్తించాలి. స్కాట్లాండ్‌లోని అబెర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో బయటపడిన ఒక గుడ్డు ఈ పక్షిదేనని డీఎన్‌ఏ పరీక్ష చేశాకే తేలింది. పల్లె మాటైనా, పెట్టెలో చీటీ అయినా పరీక్షకు నిలవాలి. అడవిలో ఆ పరీక్ష ఎలా ఉంటుందంటే, మెత్తటి మట్టి పట్టీలు పరిచి కాలి గుర్తులు చదవడం, కెమెరాలు అమర్చడం, పొదలు లెక్కబెట్టడం. హెక్టారుకు సుమారు 300 నుంచి 700 పెద్ద పొదలున్న చోటే దీనికి ఇష్టమని అలా తెలిసింది. మరీ దట్టమైనా పనికిరాదు, మరీ బోడి అయినా పనికిరాదు. అంటే పశువుల మేతను, కట్టెల కొట్టుడును గుడ్డిగా నిషేధించడం కూడా దానికి మేలు చేయకపోవచ్చు. ఈ మాట గదిలో కూర్చుని ఎవరూ ఊహించలేదు.

రోడ్డు లేని ఊళ్లుండగా పిట్టల మీద డబ్బెందుకన్నది ఇంకా బరువైన అభ్యంతరం. తెలుగుగంగ కాలువ పక్షి ఉన్న నేల మీదుగా వెళ్లాల్సి వచ్చినప్పుడు కాలువ ఆగిపోలేదు, దారి మారింది. పక్షి ఎక్కడుందో తెలియబట్టే ఆ మార్పు సాధ్యమైంది. తెలియనితనమే ఖరీదైనది.

ఇక ప్రయోగశాల గొప్పతనం తక్కువేమీ కాదు. హైదరాబాదు సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల, నెహ్రూ జూ, అటవీ శాఖ కలిసి 2010 నుంచి మూషిక జింకలను పెంచాయి. మూడు కిలోలకు అటూఇటూ తూగే జంతువది. వాటి సంఖ్య పెరిగాక 2017లో కొన్నింటిని అమ్రాబాద్ అడవిలో వదిలారు. వాటిని జూలో పుట్టించగలిగారు గానీ, అవి బతకడానికి అడవిని పుట్టించలేరు కదా.

ఇక్కడికి దగ్గరలోనే, తాడ్వాయి–మేడారం అడవిలో, 2024 ఆగస్టు 31న గాలివానకు వేల చెట్లు ఒక్కసారిగా కూలాయి. గాలి ఎందుకు అంత బలంగా వీచిందో ఉపగ్రహ చిత్రాలు, వాతావరణ లెక్కలు కొంత చెబుతాయి. కానీ ఆ ఖాళీలో మొదట లేచిన మొలక ఏది, దాన్ని ఏ పశువు మేసింది, ఏ పిట్ట తిరిగొచ్చింది అన్నది ప్రతి ఋతువులో అక్కడికి నడిచి రాసుకునేవాళ్లకే దొరుకుతుంది. ఆ చెట్ల కోయ పేర్లు మీలో కొందరి ఇళ్లలో ఇంకా వాడుకలో ఉన్నాయి. నోటుపుస్తకంలో మొదటి వరుస వాటితోనే మొదలుపెట్టవచ్చు.