సుత్తి కేకుకు చాక్లెట్ గుల్ల

1937లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలసిన బోధన్ వైపు తీపిని అచ్చుల్లో పోయడం కొత్తేమీ కాదు. హోళీకి పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు అలా పోసినవే. పుట్టినరోజున చెక్క సుత్తితో పగలగొట్టే పినాటా కేకు గుల్లా అంతే, కాకపోతే చాక్లెట్‌ది.

చిక్కంతా మన ఎండతోనే. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, నిజామాబాద్ ఎండాకాలం 40 దాటుతుంది. పైగా అసలైన డార్క్ చాక్లెట్‌ని 45 డిగ్రీలకు కరిగించి, 27కి చల్లార్చి, మళ్ళీ 31కి తేవాలి. లేకుంటే తెల్లమచ్చలు పడతాయి, టక్కున విరగదు. ఇంట్లో చేసేవాళ్లు వేరే నూనె కొవ్వులతో తయారయ్యే కాంపౌండ్ చాక్లెట్ తీసుకోండి. రుచి కాస్త తక్కువే, అయినా మొదటిసారికి అదే మేలు.

వేడినీళ్ల గిన్నె మీద కరిగించండి. లోపల నీటిబొట్టు పడితే ముద్దకడుతుంది, గరిటె కూడా పొడిగా ఉండాలి. సిలికాన్ అచ్చు లోపల బ్రష్‌తో పూసి, 10 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, మళ్ళీ పూయండి. అంచులు మందంగా ఉండాలి, ముందు పగిలేది అక్కడే. గట్టిపడ్డాక గుల్లను లాగకండి, అచ్చునే మెల్లగా వెనక్కి ఒలవండి. చిన్న కేకు, జెమ్స్ బిళ్లలు పళ్లెంలో పేర్చి, పైన గుల్ల బోర్లించండి.