గడ్డపార ఆగిన చోట
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మ్యూజియాల గురించి నాలుగు ముక్కలు చెప్పమని సంఘం వాళ్లు అడిగితే, "సిమెంటు గురించి అడగండి, చెప్తాను" అన్నాను. మా బ్యాచ్ మిత్రుడు ఒకడు వదల్లేదు. "కోటలో సోషల్ సార్ అడిగిన ప్రశ్నకు నువ్వింకా జవాబు బాకీ ఉన్నావు" అన్నాడు. ఆ బాకీ తీర్చడానికే వచ్చాను.

టిఫిన్ డబ్బాలు పట్టుకుని వరంగల్ కోటకు వెళ్లిన రోజు చాలామందికి గుర్తుండే ఉంటుంది. నాలుగు తోరణాల మధ్య విరిగిన శిల్పాలు, స్తంభాల ముక్కలు. మేం ముక్కులు పోయిన విగ్రహాలను లెక్కపెడుతుంటే సార్ అడిగారు: "ఇవన్నీ ఎవరు దాచారురా?" "కాకతీయులు సార్" అన్నాం. "వాళ్లు చెక్కించారు. దాచిందెవరు?" అన్నారు. ఎవరం నోరు మెదపలేదు.

హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియానికి మా పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఆ ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది. అక్కడ కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. సుమారు 18 కోట్ల ఏళ్ల నాటిది. పరాయి దేశం నుంచి తెచ్చింది కాదు. ప్రాణహిత-గోదావరి లోయలో, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది. జియలాజికల్ సర్వే శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. 'కోట' అంటే మన వరంగల్ కోట అనుకునేరు. ప్రాణహిత అవతల ఉన్న కోట గ్రామం పేరుతో పిలిచే రాతిపొరల్లో దొరికింది కాబట్టి ఆ పేరు.

ఇంకో సంగతి. అక్కడ నిలబడ్డది ఒకే జంతువు కాదు. కనీసం 12 జంతువులకు చెందిన 840 ఎముకలు దొరికితే, వాటిలోంచి ఏరి ఒక ఆకారం నిలబెట్టారు. తల దొరకలేదు, రెండు పళ్లు తప్ప. మా మెకానిక్ భాషలో చెప్పాలంటే పన్నెండు బళ్ల విడిభాగాలతో బిగించిన బండి. కానీ ఏ భాగం ఎక్కడిదో లెక్క రాసిపెట్టారు కాబట్టే ఆ బండి నిలబడింది.

అంతకుముందు 1960ల్లో, నదికి అవతల సిరోంచ తాలూకా పోచంపల్లిలో ఇంకో డైనోసార్ ఎముకలు 300 దాకా బయటపడ్డాయి. మన పట్టుచీరల పోచంపల్లి కాదు. వాటిని తవ్వించింది కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. అంకెల సంస్థకు ఎముకలతో పనేమిటంటారా? దాన్ని స్థాపించిన మహలనోబిస్ గారు అక్కడ భూగర్భ శాస్త్రానికీ చోటిచ్చారు. బెంగాలీలో 'పెద్ద కాలు' అని అర్థం వచ్చేలా, ఠాగూర్ పేరు కలిపి, బరాపాసారస్ టాగోరై అన్నారు. అదిప్పుడు కోల్‌కతాలో నిలబడి ఉంది. దానికీ తల దొరకలేదు.

ఎముకలే కాదు, రాళ్లూ అంతే. రాణి రుద్రమ ఎప్పుడు పోయిందో మనకెలా తెలుసు? నల్లగొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం ఉంది. రుద్రమకు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే ఆయన భూమి దానం చేసి వేయించిన రాయి. దాని తేదీ 1289 నవంబర్ 27. ఓరుగల్లును ఏలిన రాణి మరణం గురించి మనకు చెప్పింది ఓ పల్లెటూరి రాయి. దాన్నెవరైనా పగలగొట్టి గోడలో పెట్టుకుని ఉంటే?

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలువ పని మీద ఉన్నాను. మార్చి నెల, బిల్లుల తొందర. ఒక పొద్దున మేస్త్రి వచ్చి, "సారూ, గడ్డపారకు రాయి తగిలింది. దాని మీద అక్షరాలున్నయి. పని ఆపినం" అన్నాడు. వెళ్లి చూశాను. నడుమెత్తు రాయి, మట్టి అంటిన నాలుగైదు వరసల రాత. ఒక్క అక్షరం కూడా నాకు అర్థం కాలేదు. "పక్కన పెట్టు, తర్వాత చూద్దాం. పని ఆపొద్దు" అన్నాను. ఒక ఫొటో తీయలేదు, కాగితం మీద ఒక గీత గీయలేదు. మూడు రోజుల తర్వాత గుర్తొచ్చి అడిగితే మేస్త్రి తల దించుకున్నాడు. రివిట్‌మెంట్‌కు రాళ్లు తక్కువపడితే సుత్తితో కొట్టి వాడేశారట. తప్పు వాళ్లది కాదు. చదువురాని మనిషి అక్షరం చూసి గడ్డపార ఆపాడు. చదువుకున్నవాణ్ణి, మళ్లీ నడిపించింది నేను.

సార్ ఈ రోజు మన మధ్య లేరు. ఉంటే నా జవాబు ఇది: "దాచింది పని ఆపినవాళ్లు సార్."

మనలో ఇంజనీర్లున్నారు, కాంట్రాక్టర్లున్నారు, సర్పంచులైనవాళ్లున్నారు. పునాది తీసినా, బావి తవ్వినా, చెరువు పూడిక తీసినా వింత రాయి కనబడితే ఒక్క పూట ఆపండి. కదపకముందే ఫొటో తీయండి. తహసీల్దారుకో, వారసత్వ శాఖకో కబురు చేయండి. ఒక పూట ఆలస్యమైతే ఏ కాలువా ఎండిపోదు. ఇది నేను లెక్కకట్టే చెబుతున్నాను.

చివరిగా ఒక మనవి. మన బడిలో ఒక అద్దాల బీరువా పెడదాం. దాని ఖర్చు నాది. పిల్లలు తమ ఊళ్లో చూసిన పాత రాళ్ల, గుళ్ల, బావుల ఫొటోలు అందులో పెట్టాలి. కింద కార్డు మీద ఊరి పేరు, తేదీతో పాటు మొదట చూసినవాళ్ల పేరు కూడా రాయాలి, కూలీ అయినా, గొర్లకాపరి అయినా.

మొదటి కార్డు నేనిస్తాను. దాని మీద ఫొటో ఉండదు. ఆ ఊరి పేరు, ఆ మేస్త్రి పేరు, ఆ కిందే పని ఆపనివ్వనివాడిగా నా పేరు ఉంటాయి.